సేవలో వంతు

జీతం తీసుకొని చేసే పనికి విలువ కట్టడం సులభం. రోజుకింత, నెలకింత అని లోకం లెక్క వేసి పెట్టుకొన్నది. జీతం లేకుండా, తనంత తానుగా మనిషి చేసే పనికి విలువ కట్టడం కష్టం. దానికి మనవారు సేవ అని పేరు పెట్టారు. ఈ మాట ఎంత మధురమైనదో అంత ప్రమాదకరమైనది. ఏమీ కోరని వాని త్యాగానికీ అదే పేరు. కోరే హక్కే లేని వాని చాకిరికీ తరచుగా అదే పేరు. బయటినుండి చూచేవానికి ఈ రెండు పనులూ ఒక్కలాగే కనిపిస్తవి. చీపురు పట్టిన చేయి ఇష్టంతో పట్టినదో, గత్యంతరం లేక పట్టినదో, ఊడ్చిన నేలను చూచి చెప్పలేము. మరి ఈ రెండింటికీ నడుమ హద్దు ఎక్కడ ఉన్నది?

ఆ హద్దును ఊహలో వెదకడం కంటె, జీతం లేని సేవ మీదనే చాలా వరకు నడిచే ఒక సంస్థను పరిశీలించడం మేలు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఎపిస్కోపల్ చర్చికి చెందిన స్థానిక సంఘం, అనగా పారిష్, అందుకు తగిన ఉదాహరణ.

ఎపిస్కోపల్ చర్చి ఇంగ్లండులో పుట్టిన ఆంగ్లికన్ సంప్రదాయానికి అమెరికా శాఖ. ఆ దేశం స్వతంత్రమైన తరువాత, 1789లో అది ప్రత్యేక సంస్థగా నిలదొక్కుకొన్నది. ఎపిస్కోపల్ అంటే బిషప్పుల పాలన గలది అని అర్థం. అయితే వలస పాలన సాగినంత కాలం ఆ గడ్డ మీద ఒక్క బిషప్పు కూడా లేడు. 1784లో సామ్యూల్ సీబరీ స్కాట్లండులోని అబర్డీన్ నగరంలో అభిషేకం పొందాడు. అమెరికా ఎపిస్కోపల్ చర్చికి ఆయనే తొలి బిషప్పు. అంతవరకు వర్జీనియా వంటి చోట్ల సంఘాల మంచిచెడ్డలు చూచుకొన్నది గృహస్థులే. వారి సభకు వెస్ట్రీ అని పేరు. ఆ మాటకు అసలు అర్థం గురువుల వస్త్రాలు భద్రపరచే గది. ఆ గదిలో కూర్చుండి లెక్కలు చూచిన పెద్దలకు గది పేరే స్థిరపడింది. నేటికీ పారిష్ ధనం, భవనం వెస్ట్రీ అధీనంలోనే ఉంటవి. ఖాళీ వచ్చినప్పుడు గురువును ఎన్నుకొనేదీ ఆ సభయే. సభ్యులను సంఘంవారు వార్షిక సమావేశంలో ఎన్నుకొంటారు. వారికి జీతం లేదు.

ఆరాధన ఆదివారం ఉదయం జరిగినా, దాని పని చాలా చోట్ల శనివారమే మొదలవుతుంది. ఆల్టర్ గిల్డు అనే బృందంవారు, ఎక్కువగా స్త్రీలు, తాళం తీసి లోపలికి వస్తారు. బలిపీఠం మీద ఇస్త్రీ చేసిన తెల్లని నారవస్త్రం పరుస్తారు. వెండి పాత్రలు తుడుస్తారు. రొట్టె, ద్రాక్షారసం సరిచూచి పెడతారు. కాలాన్ని అనుసరించి పీఠం మీది అలంకార వస్త్రం మారుస్తారు: క్రిస్మసుకు, ఈస్టరుకు తెలుపు, ఈస్టరుకు ముందు ఉపవాస దినాలలో ఊదా, పెంతెకొస్తు నాడు ఎరుపు, సాధారణ దినాలలో ఆకుపచ్చ. ఆరాధన ముగిసిన పిమ్మట మళ్ళీ వారే వచ్చి పాత్రలు కడుగుతారు. ప్రభు భోజన సంస్కారంలో ఉపయోగించిన గుడ్డలను మొదటిసారి జాడించిన నీటిని మామూలు తూములో పోయరు. అనేక చర్చిలలో అందుకొరకు ప్రత్యేకమైన తొట్టి ఒకటి ఉంటుంది. దాని గొట్టం మురుగుకాలువలో కలవక తిన్నగా నేలలోకి పోతుంది. ఈ పని జరిగేటప్పుడు చూచేవారు ఎవరూ ఉండరు. మరునాడు వచ్చిన భక్తునికి పరచిన వస్త్రం కనిపిస్తుంది గాని పరచిన చేయి కనిపించదు.

ఆదివారం నాటి పనులు పదిమంది ఎదుట జరిగేవి. గుమ్మం వద్ద నిలిచి వచ్చినవారిని పలకరించి కూర్చుండబెట్టేవారు కొందరు. తెల్లని నిలువుటంగీ తొడిగి శిలువను మోసేవారు, కొవ్వొత్తులు వెలిగించేవారు అకొలైట్లు. వీరిలో బడిపిల్లలు అనేకులు. పాత నిబంధననుండి, అపోస్తలుల పత్రికలనుండి పాఠాలు చదివేవారు వేరు. రోగుల కొరకు, మరణించినవారి కొరకు, పాలకుల కొరకు విజ్ఞాపన ప్రార్థన నడిపేవారు వేరు. బిషప్పు అనుమతి పొందిన గృహస్థులు ద్రాక్షారసపు గిన్నెను అందిస్తారు; ఆరాధన కాగానే మరి కొందరు ఆ రొట్టెను, ఆ రసాన్ని మంచం పట్టినవారి ఇండ్లకు తీసుకొనిపోతారు. కానుకల పళ్ళెం తిప్పేవారు, సొమ్ము లెక్కపెట్టేవారు, చివరకు పక్క గదిలో కాఫీ కాచి పోసి కప్పులు కడిగేవారు, అందరూ సంఘంలోనివారే. గురువును, ఆర్గాను వాయించే సంగీత విద్వాంసుని, ఒకరిద్దరు సిబ్బందిని మినహాయిస్తే వీరెవరూ జీతగాండ్రు కారు.

ఇది ఖర్చు తగ్గించుకొనే ఉపాయం అని ఎవరైనా అనుకొంటే పొరపాటు. ఈ సంప్రదాయంలో ఆరాధన గురువు ఒక్కడే జరిపే క్రియ కాదు. గురువుతో కలిసి పాలుపొందేవారు కనీసం ముగ్గురైనా లేకపోతే ప్రభు భోజన సంస్కారం జరపరాదని 1662 నాటి ఇంగ్లండు ప్రార్థన గ్రంథం శాసించింది. ఎపిస్కోపల్ చర్చి వాడుకలో ఉన్న 1979 నాటి ప్రార్థన గ్రంథం, సంఘంలో పరిచారకులు ఎవరు అనే ప్రశ్నకు సమాధానంగా మొదట సామాన్య విశ్వాసులను పేర్కొని, ఆ తరువాతనే బిషప్పులను, గురువులను, డీకన్లను పేర్కొన్నది. ఆరాధన క్రమానికి వారు వాడే లిటర్జీ అనే మాట గ్రీకు భాషనుండి వచ్చింది. పూర్వం ఏథెన్సు నగరంలో సంపన్నుడైన పౌరుడు తన ఖర్చుతో నాటకానికి గాయకబృందాన్ని తయారు చేయించడం, యుద్ధనౌకను నడిపించడం వంటి ప్రజాకార్యాలకు అది పేరు. అది భారమూ, గౌరవమూ కూడా. బానిస చేసిన చాకిరిని మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలువలేదు. ఈ భేదం గమనింపదగినది.

జీతం లేని సేవకు మొదటి శత్రువు సేవకుని మనస్సులోనే ఉన్నది. జీతగాడు సాయంకాలానికి కూలి తీసుకొని పనితో సంబంధం తెంచుకొంటాడు. కూలి తీసుకొననివాడు పనిని తనతో ఇంటికి తీసుకొనిపోతాడు. ఇరవై యేండ్లు పీఠం మీద పూలు అమర్చినవారికి ఇరవై ఒకటవ యేట మరొకరు అమర్చితే పూలు వంకరగా కనిపిస్తవి. “నేనేమీ ఆశించలేదు” అన్న నోటితోనే “ఇది నా పని” అన్న మాట కూడా వస్తుంది. ధనం రూపంలో పుచ్చుకొనని వేతనాన్ని మనిషి అధికారం రూపంలో పుచ్చుకొంటాడు. పైగా అతనిని తొలగించడమూ కష్టమే; జీతం ఇవ్వనివానిని ఏమని తొలగించగలరు? కర్మఫలాన్ని విడువుమని గీత బోధించింది. ఫలాన్ని విడిచినవాడు సైతం కర్మను విడువలేక దానిని తన ఆస్తిగా పట్టుకొని కూర్చుండడం లోకంలో కనిపిస్తూనే ఉన్నది.

ఇందుకు పారిష్ జీవితం కనిపెట్టిన మందు చాలా సామాన్యమైనది. అది వంతుల పట్టిక. ఈ వారం పాఠం చదివినవారు వచ్చే వారం జనంలో కూర్చుండి వింటారు. వెస్ట్రీ సభ్యుని పదవికాలం సాధారణంగా మూడేండ్లు. అది ముగియగానే వెంటనే మళ్ళీ నిలువరాదని అనేక సంఘాలు నియమం పెట్టుకొన్నవి. పదవి దిగిన పెద్ద మరునాడు కాఫీ కప్పులు కడగవచ్చును. తెలుగులో వంతు అనే మాటకు రెండు అర్థాలున్నవి. వరుస అని ఒకటి, భాగం అని ఒకటి. వరుస వచ్చినప్పుడు చేయడం, వరుస దాటగానే విడిచిపెట్టడం మొదటి అర్థంలో వంతు. అది అహంకారానికి విరుగుడు. రెండవ అర్థం ఇంకా లోతైనది. దానిని మరచినందువల్లనే ఈ చర్చి చరిత్రలో అన్యాయం జరిగింది.

స్త్రీల సంగతి చూడవలె. 1871లో ఈ చర్చిలోని స్త్రీలు మిషను పనులకు తోడ్పడడానికి జాతీయ సహాయక సంఘం ఏర్పరచుకొన్నారు. 1889లో కృతజ్ఞతా కానుక అనే పద్ధతి మొదలుపెట్టి చిన్న చిన్న మొత్తాలు పోగుచేశారు. ఆ తొలి కానుకతో అలాస్కాలోని ఆన్విక్‌లో చర్చి కట్టడానికి, జపానుకు ఒక స్త్రీని మిషనరీగా పంపడానికి సహాయపడ్డారు. పీఠాన్ని అలంకరించిందీ, పిల్లలకు పాఠాలు చెప్పిందీ, విందులు వండిందీ చాలా వరకు వారే. కాని మొత్తం చర్చికి శాసనాలు చేసే జాతీయ మహాసభలో ప్రతినిధులుగా కూర్చుండే హక్కు వారికి ఇవ్వడానికి 1967 వరకు అంగీకారం కుదరలేదు. ఆ విధంగా వారు సభలో కూర్చున్నది 1970లో. స్త్రీలు గురువులు కావచ్చునని మహాసభ తీర్మానించింది 1976లో. పీఠం మీద వస్త్రం పరచిన చేతికి, పీఠం వెనుక నిలిచి రొట్టె విరిచే అర్హత లేదన్నారు. అంతకాలమూ వారి నిస్స్వార్థసేవను పొగడనివారు లేరు. హక్కు ఇవ్వడానికి ఇష్టంలేనివారు పొగడ్తను చిల్లరగా చేతిలో పెడతారు.

నల్లజాతివారి విషయంలో ఇదే ప్రశ్న అంతకుముందే, ఇంకా కఠినంగా ఎదురైంది. 1793లో ఫిలడెల్ఫియా నగరంలో పచ్చజ్వరం వ్యాపించి సుమారు 5,000 మంది మరణించారు. శక్తి గలవారు ఊరు విడిచిపోయారు. నల్లవారికి ఈ జ్వరం సోకదని వైద్యులు కొందరు నమ్మి, రోగులకు ఉపచారం చేయవలసిందిగా వారిని కోరారు. ఆబ్సలమ్ జోన్స్, రిచర్డ్ ఆలెన్ అనే నల్లజాతి నాయకులు తమవారిని కూడగట్టి రోగులను కాచారు, శవాలను పూడ్చారు. వైద్యుల నమ్మకం తప్పు. ఆ సేవలో నల్లవారూ అనేకులు చనిపోయారు. రోగం తగ్గిన తరువాత మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త, వారిలో కొందరు ఉపచారానికి అధికంగా సొమ్ము గుంజారనీ, రోగుల ఇండ్లలో దొంగతనం చేశారనీ అచ్చువేశాడు. జోన్స్, ఆలెన్ 1794లో ఒక చిన్న పుస్తకం ప్రకటించి, తమకు ముట్టినదానికంటె తాము ఖర్చుపెట్టినదే ఎక్కువ అని లెక్కలతో చూపవలసి వచ్చింది. ప్రాణం పణంగా పెట్టి సేవ చేసినవారు కాణీకి కాణీ జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

అదే 1794లో జోన్స్ నాయకత్వం వహించిన సెయింట్ థామస్ సంఘం ఎపిస్కోపల్ చర్చిలో చేరింది. 1795లో ఆయన డీకను అయినాడు. తరువాత ఆ చర్చిలో తొలి నల్లజాతి గురువైనాడు. కాని ఆ సంఘానికి పెన్సిల్వేనియా ప్రాంతీయ సభలో ప్రతినిధులను కూర్చుండబెట్టే హక్కు ఇవ్వలేదు. ఆ హక్కు దక్కేసరికి 1860వ దశకం వచ్చింది. ప్రార్థనకు పనికివచ్చినవారు ఓటుకు పనికిరాలేదు.

ఇటువంటి స్థితికి తెలుగులో తగిన మాట వేరే వెదకనక్కరలేదు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణా పల్లెలు ఎరుగును. వెట్టిలోనూ కూలి లేదు, సేవలోనూ కూలి లేదు. కనుక భేదం కూలిలో లేదు. కాదనగల స్వాతంత్ర్యం, నిర్ణయంలో పాలు ఉన్నచోట పని సేవ అవుతుంది. అవి లేనిచోట వెట్టి అవుతుంది. 1912లో ఆంగ్లికన్ సంప్రదాయంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై దోర్నకల్లులో పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఎదుట ఉన్న జనంలో వెట్టి చేసిన మాల, మాదిగ కుటుంబాలవారు అనేకులు. వారు ఒకరి దయ మీద బ్రతికే సంఘంగా ఉండరాదనీ, తమ సంఘాన్ని తామే పోషించుకొని తామే సాక్ష్యమివ్వవలెననీ ఆయన పట్టుపట్టాడు. బీదవానిని ఇమ్మని అడగడం క్రూరంగా తోచవచ్చును. కాని ఎన్నడూ తీయించుకోవడమే గాని ఇవ్వడం ఎరుగనివానికి, తన ఇష్టంతో తీసిపెట్టిన పిడికెడు బియ్యం మనిషిననే గుర్తింపునిస్తుంది. దొర బలవంతంగా తీసుకొన్న గింజకూ, తాను తీసిపెట్టిన గింజకూ తూకంలో భేదం లేదు. చేతిలో ఉన్నది భేదం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. సేవకు హక్కును జోడించితే అది బేరం కాదా? పాలు అడిగేవాడు నిష్కాముడు ఎట్లా అవుతాడు? ఈ ఆక్షేపణలో కొంత సత్యం లేకపోలేదు. పూలు అమర్చినందుకు ఓటు ఇమ్మని అడిగితే అది బేరమే. కాని ఓటు పూలకు ప్రతిఫలం కాదు. సంఘంలో మనిషి అయినందుకు అది ముందుగానే అతనిది. ముందు అతనిది అతనికి ఉంటేనే, ఆ తరువాత అతడు ఇచ్చినది దానమవుతుంది. చేతిలో ఏమీ లేనివాడు దేనిని త్యాగం చేయగలడు? నిస్స్వార్థం ఎవరికి వారు తమనుండి కోరుకోదగిన గుణం. ఎదుటివానినుండి రాబట్టదగిన పన్ను కాదు. తనకు తాను బోధించుకొన్నప్పుడు అది ధర్మం. బలవంతుడు బలహీనునికి బోధించినప్పుడు అది దోపిడి.

ఈస్టరుకు ముందు వచ్చే గురువారం నాడు ఎపిస్కోపల్ చర్చిలలో పాదాలు కడిగే ఆచారం ఉన్నది. క్రీస్తు శిష్యుల పాదాలు కడిగిన సంగతికి అది జ్ఞాపకం. ఆ కథలో కడగడానికి క్రీస్తు సందేహించలేదు. కడిగించుకోవడానికి పేతురే సందేహించాడు. సేవ చేయడం కంటె సేవ పొందడం కష్టమని ఆ కథ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. సేవ చేసేవాడు ఎత్తున నిలిచి ఉండవచ్చును. పొందేవాడు తన దుమ్ము పాదాన్ని చాచి చూపవలె. అనేక సంఘాలలో గురువు కొందరి పాదాలు కడిగిన తరువాత, ఆ సంఘంవారే ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. ఇంతకుముందు వంగినవాడు ఇప్పుడు కూర్చుంటాడు, కూర్చున్నవాడు వంగుతాడు. ఎప్పుడూ వంగేవారు కొందరు, ఎప్పుడూ కూర్చుండేవారు కొందరు ఉన్నచోట నీళ్ళు ఎంత పవిత్రమైనవైనా అక్కడ జరిగేది సేవ కాదు. వంగడంలోనూ కూర్చుండడంలోనూ అందరికీ వంతు ఉన్నచోటనే ఆ మాట తన అర్థాన్ని నిలుపుకొంటుంది.