శిఖరమును గుమ్మమును

పుదుచ్చేరికి పడమటగా, పది కిలోమీటర్ల లోపున విల్లియనూరు కలదు. అచ్చట తిరుకామీశ్వరాలయ గోపురము అంతస్తుపై అంతస్తుగా లేచి, దూరమున నున్నవారికి సైతము ఊరి జాడ తెలుపుచుండును. అదే ఊరిలో, 1877లో ఫ్రాన్సు దేశపు లూర్దునుండి తెచ్చిన మరియమ్మ ప్రతిమగల కతోలిక దేవాలయమును కలదు. ఎత్తయిన కట్టడమును చూచినంతనే మనుష్యుని మనస్సు పైకి పోవును. అది భక్తియా, మరియొకటియా? ఆదికాండము పదునొకండవ అధ్యాయము చదువువారికి ఈ ప్రశ్న తప్పదు.

బాబెలు గోపురమునుగూర్చి ప్రసంగించునపుడు, దానిని కట్టినవారు పరలోకమును ముట్టడింపబోయిరన్నట్లు వర్ణించుట మనలో అలవాటు. షీనారు దేశపు మెట్ల గోపురముల సంగతి ఎరిగినచో ఆ వర్ణన నిలువదు. క్రీ.పూ. 2100 ప్రాంతమున ఊర్-నమ్ము అను రాజు ఊరు పట్టణములో చంద్రదేవతకు అట్టిదానిని కట్టించెను. దాని అడుగు ఇంచుమించు 64 మీటర్ల పొడవు, 46 మీటర్ల వెడల్పు. లోపల ఎండిన పచ్చి ఇటిక. వెలుపల కాల్చిన ఇటిక, మట్టికీలు. ఆదికాండము చెప్పిన సామగ్రియే! బబులోనులోని ఎతెమెనంకి అంతకంటె గొప్పది. ఒక్కొక్క ప్రక్క 91 మీటర్లు. భూమ్యాకాశముల పునాది గృహమని ఆ పేరునకు అర్థము. ఈ గోపురములు గట్టి దిబ్బలే గాని, లోపల జనులు కూడుకొను స్థలము లేదు. బబులోను గోపురపు కొననున్న గుడిలో ఒక పాన్పును బంగారు బల్లయు మాత్రముండెననియు, విగ్రహము లేదనియు గ్రీకు చరిత్రకారుడైన హెరొడోటసు వ్రాసెను. దేవత అచ్చటికి దిగివచ్చునని వారి నమ్మకము. కాబట్టి ఆ మెట్లు మనుష్యుడు ఎక్కుటకంటె దైవము దిగుటకే ఎక్కువగా ఉద్దేశింపబడినవి.

ఈ ఆశను మనము తృణీకరింపరాదు. బేతేలులో తల క్రింద రాయి పెట్టుకొని పండుకొనిన యాకోబు కలలో చూచినదియు ఎక్కుచు దిగుచునుండు దారినే. దానిని ఆయన పరలోకపు గవిని అనెను. బబులోనీయులును తమ పట్టణపు పేరునకు దేవుని ద్వారమనియే అర్థము చెప్పుకొనిరి. అట్లయిన దోషమెక్కడ? తమకు పేరు సంపాదించుకొనవలెనని వారు కోరిరని లేఖనము చెప్పుచున్నది. ఇది అలంకారము కాదు. నెబుకద్నెజరు కట్టించిన ఇటికలపై అతని పేరు ముద్రింపబడి నేటికిని దొరకుచున్నది. గుడి దేవతకు, ఇటిక రాజునకు! ఎతెమెనంకి నిలిచిన చోట నేడున్నది నీరు నిలిచిన గుంట.

దక్షిణాది గోపురము దీనికి భిన్నమైనది. అది గర్భగుడిమీద కాక గుమ్మముమీద నిలుచును. లోపలి గర్భగుడి చిన్నది, చీకటిది. చాల కాలము లోపలికి రానియ్యబడని కులములవారు దూరమునుండి గోపురమునకే మ్రొక్కి మరలిపోయిరి. శిఖరము అందరికి కనబడెను, గుమ్మము అందరికి తెరువబడలేదు.

అయితే ఈ మాట వ్రాసి హైందవులను మాత్రమే వేలెత్తి చూపుట న్యాయము కాదు. డూప్లేకు దుబాసీగా నుండిన ఆనందరంగ పిళ్ల (మన కస్తూరి రంగకవి ఛందోగ్రంథమును అంకితమందినవాడితడే) తన దినచర్యలో 1745 నాటి సంగతియొకటి వ్రాసియుంచెను. పుదుచ్చేరి క్రైస్తవ దేవాలయములోనే అంటరానివారనబడిన విశ్వాసులను ఇతరులనుండి వేరుచేయుచు ఒక గోడ యుండెను. వారు పెద్ద గురువునొద్దకు పోయి మొరపెట్టుకొనగా గోడ పడగొట్టబడెను. మూడు సంవత్సరములకు, 1748లో, ఆ పట్టణములోనే వేదపురీశ్వరుని ఆలయమును ఫ్రెంచివారు పడగొట్టిరి. రెండును కూల్చుటలే, కాని మొదటిదానిలో ప్రభువు చేయి కనబడుచున్నది, రెండవదానిలో నాకు కనబడదు.

విల్లియనూరు రథోత్సవములో ఫ్రెంచి గవర్నరు వచ్చి తేరు త్రాడు పట్టి లాగుట ఆచారముగా నుండెను. నేడు లెఫ్టినెంటు గవర్నరు ఆ పని చేయుచున్నారు. అధికారి ఒక్క గడియసేపు నేలమీద జనులతో నిలుచును. మన తెలుగు సంఘములలో క్రొత్త శిఖరమునకు చందాలెత్తునపుడు ప్రతి పేటకును పుస్తకము పోవును. దాతల పేర్లు పాలరాతిమీద చెక్కబడును. అదే సంఘములో సమాధుల తోట మాత్రము రెండుగా నుండిన, ఆ పాలరాయి ఏ ఇటికకు బంధువు?