వంతు

ఎదుటివాని బలమును బలముతో నెదిరింపక, ఆ బలముతోపాటు తానును తిరిగి, వానికి దెబ్బ తగులకుండ నేలకు దింపుటయే శాంతికి పరాకాష్ఠయని ఐకిడో నభ్యసించువారందరును చెప్పుదురు. మేము సాధన చేయు సంప్రదాయమున పోటీలు లేవు, పతకములు లేవు. కావున యుద్ధవిద్యలలో ఇది పరమసాత్త్వికమని మావారి సిద్ధాంతము. ఈ విద్యయందు నాకెంత ప్రేమయున్నను ఈ సిద్ధాంతము దగ్గర ఆగిపోవుచున్నాను. నా మణికట్టు పట్టుకొనువాడు నాకు మిత్రుడు. పట్టుటకు ముందు నా యెదుట మోకాళ్లపై కూర్చుండి నమస్కరించినవాడు. పడుట యెట్లో నాకన్న బాగుగ నెరిగి, పడుటకు సమ్మతించియే వచ్చినవాడు. ఇట్లు ఒడంబడిక చేసికొన్న యిద్దరి నడుమ పుట్టిన శాంతికి ఆ గది వెలుపల విలువ యేమి?

ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి రాలేదు. లింగాల ఘనపూర్‌లో మా యింటి వాకిట, చుట్టపు పిల్లవానిచేత చేయి పట్టించుకొని, వానిని మెల్లగ త్రిప్పి గడ్డిమీద దింపి చూపుచుండగా, అరుగుమీద కూర్చుండి తుదివరకు ఓపికతో చూచిన మా తాత, "మంచిగనే ఉన్నది బిడ్డా. గని గా పట్టుకున్నోడు మన పిల్లగాడే గద. దొర మనిషొచ్చి పట్టుకుంటె ఎట్ల మరి?" అనెను. అందులో ఎగతాళి లేదు. తెలిసికొనవలెనను కోరికయే యున్నది. జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండిన దినములలో, విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి పేరు చెప్పినంతనే ఊళ్లకు ఊళ్లు నోరు మూసికొనిన కాలములో పెరిగినవాడాయన. పిలిచినవెంటనే వెట్టికి పోవలసిన మనిషికి, పట్టుకొన్నవాని చేయి విడిపించుకొనుట వినోదము గాదు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొరల నెదిరించు సంఘము వారి ఊరేగింపు సాగుచుండగా దేశముఖు మనుషులు తుపాకులు కాల్చిరి. ఊరేగింపులోని దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. కఱ్ఱలు, వడిసెలలు చేబట్టిన జనము చెదరిపోక గడీమీదికే నడిచెను. ఎదుటివానితో కలిసి తిరుగుడని ఆ జనమునకు నేనే ముఖముతో చెప్పుదును?

ఈ విద్యను నిర్మించిన ఉయెషిబా మోరిహెయి జీవితము నన్ను ఊరడించుటకు బదులు మరింత కలతపెట్టుచున్నది. 1883లో తనబె పట్టణమున పుట్టి, హొక్కయిదో ద్వీపమున తకెదా సొకాకు అను కఠోరుడైన గురువు దగ్గర దైతోర్యూ జుజుత్సు నేర్చి, పిమ్మట ఒమోతో మతమున ప్రవేశించి విశ్వశాంతిని గూర్చి తపించిన ఆ మహానుభావుడే, 1930ల నాటికి జపాను సైనిక, నౌకాదళ విద్యాలయములలో శిక్షకుడై యుండెను. 1942లో ఆ కొలువులు విడిచి, ఇవామా అను పల్లె చేరి, సేద్యము చేసికొనుచు సాధన సాగించెను. ఆయన భక్తులు ఇవామాను గూర్చి తనివితీర చెప్పి, సైనిక విద్యాలయముల దగ్గరకు వచ్చునప్పటికి గొంతు తగ్గింతురు. నాకది న్యాయమని తోపదు. అక్కడ నేర్చినవారు ఏ రణరంగమునకు పోయిరో, వారి చేతికి చిక్కినవారిలో ఎవరు ముందుగా నమస్కరించి సమ్మతించిరో అడుగక, పొలము దున్నిన చేతులనే పూజించుట సగము సత్యమును పూజించుటయే.

ఇంత సందేహమున్నవాడు టోక్యో నగరమునకు ఏల పోవలెను? వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు సముద్రములు దాటి లండనులో తన బలమును ప్రదర్శించి వచ్చెను. తెలుగువాడు దేహవిద్యతో విదేశమునకు పోవుట యనగా మన మనస్సులలో ఆ చిత్రమే మెదలును. నేను చూపుటకు పోలేదు. నన్నెరుగనివారు, నాయెడ ఏ మొగమాటమును లేనివారు పట్టుకొన్నప్పుడు ఈ విద్య యేమగునో తెలిసికొనవలెనని పోయితిని. షింజుకు ప్రాంతమున వకమత్సు పేటలో, 1931లో ఉయెషిబా డోజో, అనగా సాధనశాల, తెరచిన స్థలముననే నేటి ప్రధాన డోజో యున్నది. ఉదయము ఆరున్నరకు తొలి తరగతి. గురువు ప్రయోగమును చూపి ముగించినంతనే ప్రక్కనున్నవారికి నమస్కరించి జంటగ కలియుట అచ్చటి ఆచారము. నా ప్రక్కన నుండినది, తల పూర్తిగ నెరసి, నా భుజము నైనను అందని ఒక వృద్ధురాలు.

ఆమె నా మణికట్టు పట్టుకొనెను. పిండలేదు, లాగలేదు, కాని ఆ పట్టు నా భుజమునకు, నడుమునకు, మడమలకు సైతము తెలియుచుండెను. అలవాటైన రీతిని తిరిగితిని. హైదరాబాదులో నాతో సాధన చేయు మిత్రులైనచో ఆపాటికి పడియుందురు. ఆమె పడలేదు, ఎదిరింపను లేదు. నేను తిరిగిన చోటికి తానును వచ్చి, పట్టు విడువక, వేచియుండెను. ఇద్దరికిని తెలిసిన భాష లేదు గనుక అడుగుటకును వీలులేదు. నేను బలము కూర్చినకొలది ఆమె మరింత బరువయ్యెను. తుదకు భుజము సడలించి, ఊపిరి విడిచి, అడుగు లోనికి వేయగా, ఆమె ఒక్కసారిగ దొర్లి, లేచి, మరల నా చేయి పట్టుకొనెను. నాలుగు మారులైన పిదప, ఆచారము ననుసరించి, వంతు మారినది. నేను పట్టుకొంటిని, ఆమె నన్ను నేలకు దింపెను. పడునప్పుడు ఆమె ముఖమెట్లుండెనో పడవేయునప్పుడును అట్లే యుండెను. ఆ ముఖమును నేను మరువలేదు.

నాటినుండి నా ఆలోచన వేరు త్రోవ పట్టినది. శాంతి పడవేయు ఒడుపులో నున్నదని ఇన్నాళ్లు వెదకుచుంటిని. పడవేసినవాడు మరునిమిషమున పడుటకు సిద్ధపడుటలో, పడవేయు అధికారము ఎవ్వరికిని స్థిరముగ దక్కకుండుటలో అది యున్నదని ఇప్పుడు తోచుచున్నది. విసునూరు గడీలో లేనిది ఈ వంతు. వెట్టి చేసినవాని కొడుకు వెట్టియే చేసెను. దొర కొడుకు దొరయే యయ్యెను. పడుటయంతయు తరతరములుగ ఒక పక్షమునకే మిగిలెను. సమ్మతి యుండుట ఈ విద్యకు లోపమని తలచితిని గాని, తన వంతు వచ్చునను నమ్మకము లేనిదే మనిషి పడుటకు సమ్మతింపడు; సమ్మతింపరాదు కూడ.

ఐనను తాత ప్రశ్న తీరలేదు. వంతు నొప్పుకొననివాడు వచ్చి పట్టుకొన్నప్పుడు? కఱ్ఱసాము నేర్చినవారును తమవారితోనే నేర్చిరి గదా, ఏ విద్యయైనను మిత్రుల చేతులలోనే అబ్బును గదా యని సమాధానము చెప్పుకొనవచ్చును. అది చాలదు. కఱ్ఱ నేర్చినవాడు సాధన వేరు, సమరము వేరని యెరిగియుండెను; మేము సాధననే లోకమనుకొని మురియుచున్నాము. వంతు మారు చోట ఐకిడోను మించిన శిక్షణ నేనెరుగను. మారని చోట దానికి పని లేదు. అచ్చట కడవెండి జనము చేసినదే సరియైనది. దానిని హింసయని తక్కువచేయువారితో నేను ఏకీభవింపలేను, ఏలయన ఆ జనము కోరినది వంతు మార్చుటయే.

మా మండలపు పిల్లలలో ఎవరైనను ఈ విద్యకై జపాను పోదలచినచో తప్పక పొండు. ఎరుగనివారి చేతులలో పడి లేచి రండు. కాని విమానమెక్కుటకు ముందు ఒక ఉదయము కడవెండికి పోయి, కొమరయ్య స్తూపమును చూచి, అచ్చటి పెద్దలతో కొంతసేపు మాటలాడుడు. అది మన జిల్లాలోనే యున్నది.