బిడ్డా, ట్రినిడాడ్‌లో నిదానంగా తిరుగు

బిడ్డా,

నువ్వు పంపిన జాబితా చదివాను. వారం రోజుల సెలవులో ఇరవై చోట్లు రాసుకున్నావు. అందులో సగం కొట్టేయమని చెప్పడానికే ఈ ఉత్తరం.

మన అలియాబాద్ చౌరస్తాలో ప్రతి ఆదివారం చూస్తుంటాను. నగరం నుంచి రాజీవ్ రహదారి మీద కార్లు వరసగా వస్తాయి. రత్నాలయంలో పది నిమిషాలు, శామీర్‌పేట చెరువు కట్ట మీద నాలుగు ఫొటోలు, జింకల పార్కులో ఒక చుట్టు, దాబాలో బిర్యానీ, పొద్దు గూకక ముందే వెనక్కి. చెరువు మీదికి ఏ పిట్టలు ఏ వేళకు దిగుతాయో చూడడానికి ఒక్కరూ ఆగరు. కట్ట మీద చాయ్ పోసే మనిషితో రెండు మాటలు మాట్లాడరు. సప్త సముద్రాలు దాటిపోయి నువ్వూ అల్లుడూ అలా తిరిగి రావద్దని నా ఆశ.

మీ అన్న ట్రినిడాడ్‌లో కొలువు చేసిన రోజుల్లో మీ పెద్దమ్మా నేనూ ఆ దేశంలో ఉండి వచ్చాం కాబట్టి, ఏది వదలొచ్చో ఏది వదలకూడదో కొంత చెప్పగలను.

ముందు కారోనీ. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు దక్షిణంగా ఉన్న మడ అడవి అది. కోరింగలో నువ్వు చూసిందే, అదే ఉప్పునీటి కాలువ, అవే నీళ్లలోకి దిగిన వేర్లు. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో పడవలు బయల్దేరతాయి. దారిలో కొమ్మకు చుట్ట చుట్టుకుని పడుకున్న పాముల్ని పడవవాడు చూపిస్తాడు, భయపడకు. చివరికి ఒక వెడల్పాటి మడుగు దగ్గర పడవ ఆపేస్తారు. అక్కడే నీ ఓపిక కావాలి. పొద్దు వాలుతుంటే స్కార్లెట్ ఐబిస్‌లు గుంపులు గుంపులుగా వచ్చి చెట్ల మీద వాలతాయి. ట్రినిడాడ్ జాతీయ పక్షి అదే. పుట్టినప్పుడు వాటికి ఆ ఎరుపు ఉండదు, పిల్లలు బూడిద, గోధుమ రంగుల్లో ఉంటాయి. బురదలోని పీతల్నీ రొయ్యల్నీ తిని పెరిగేకొద్దీ ఆ రంగు ఈకలకెక్కుతుంది. అరగంటలో పచ్చటి దీవంతా ఎర్రబడుతుంది. ఫోన్‌లో అది అంతా చుక్కల్లాగే పడుతుంది, అంత దూరంలో ఆపుతారు పడవని. దగ్గరికి పోనిమ్మని పడవవాణ్ని బతిమాలొద్దు. బెదిరిన పక్షి రాత్రి గూటికి మరోచోటు వెతుక్కుంటుంది. మన ఇంట్లో ఉన్న పాత బైనాక్యులర్ తీసుకుపో, దోమలకు ఒంటికి రాసుకునేది కూడా.

ఆ మర్నాడు ఇంకే పనీ పెట్టుకోకుండా వాటర్లూ ఊరికి పో. నీ జాబితాలో ఇది చివర ఉంది, నేనైతే మొదట రాస్తాను. ఎందుకో చెబుతాను.

1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి రెండు వందలకు పైగా మనవాళ్లను తెచ్చి ఆ దీవిలో దింపింది. బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకు కూలీలు కరువయ్యారు. అందుకే మనవాళ్లను అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని తెచ్చారు. 1917లో ఆ పద్ధతి ఆగే నాటికి 1,40,000 మందికి పైగా దిగారు. ఎక్కువ మంది గంగా మైదానం వాళ్లు. కొన్ని ఓడలు మద్రాసు రేవు నుంచి పోయాయి, వాటిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి మద్రాసీలన్న పేరే మిగిలింది. తెలుగు మాట్లాడే ఇల్లు ఇప్పుడు ఆ దీవిలో దొరకడం కష్టం.

ఆ వాటర్లూలో సేవ్‌దాస్ సాధు అనే చెరుకుతోట కూలీ ఉండేవాడు. సముద్రపు ఒడ్డున ఒక చిన్న గుడి కట్టుకున్నాడు. ఆ నేల చక్కెర కంపెనీది. కూల్చమన్నారు, అతను కూల్చనన్నాడు. కోర్టు 14 రోజులు జైల్లో పెట్టింది, 1952లో గుడిని పడగొట్టారు. భూమి మీద చోటు లేకపోతే సముద్రంలో కడతానన్నాడు ఆ మనిషి. ఒడ్డు నుంచి దాదాపు 500 అడుగుల లోపలికి, సైకిల్‌కు బకెట్లు తగిలించుకుని రాళ్లూ కంకరా మోస్తూ, ఆటు వచ్చినప్పుడు బురదలో నడుస్తూ, ఒంటిచేత్తో ఏళ్ల తరబడి కట్టాడు. అల తీసుకుపోయినప్పుడల్లా మళ్లీ పోశాడు. అతను పోయాక, మనవాళ్లు దిగి నూట యాభై ఏళ్లయిన సందర్భంగా 1995లో ప్రభుత్వం దాన్ని పటిష్ఠంగా కట్టించింది. ఇప్పుడు నడిచిపోవడానికి దారి ఉంది. ఆ దారి మీద చెప్పులు చేత పట్టుకుని నడిచినప్పుడు మీ పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ గొంతు పెగల్లేదు.

గుడికి పక్కనే దహన వాటిక ఉంది. అక్కడ చితి వెలుగుతుంటే ఫోన్ సంచిలో పెట్టేసుకో. ఎవరి దుఃఖమూ మన ఆల్బంలోకి రాకూడదు.

అక్కడికి దగ్గర్లోనే ఇండియన్ కరేబియన్ మ్యూజియం ఉంది. మొదటి తరం వాడిన రోకళ్లు, గిన్నెలు, నగలు, వాయిద్యాలు అన్నీ చూపిస్తారు. కారపిచైమాలో 85 అడుగుల హనుమంతుడి విగ్రహం కూడా అదే తొవ్వలో వస్తుంది. మైసూరు దత్తపీఠం గణపతి సచ్చిదానంద స్వామివారు 2003లో ప్రతిష్ఠించారు. మన దుండిగల్ ఆశ్రమం కూడా ఆ పీఠానిదే, నువ్వు చిన్నప్పుడు అక్కడికి వచ్చావు. దక్షిణాది శిల్పుల చేతిపని చూడగానే గుర్తుపడతావు.

ఇక్కడ నీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. వాళ్లను మన కొలతలతో కొలవొద్దు. గుళ్లో కుర్చీల వరసలుంటాయి, పాటలకు హార్మోనియం ఉంటుంది, మంత్రం పలుకు వేరేగా వినిపిస్తుంది. తప్పు పట్టి సరిచేయడానికి పూనుకోవద్దు. రాసిపెట్టుకోవడానికి చదువు లేని మనుషులు, పగలంతా చెరుకు నరికి, రాత్రి నోటితో పిల్లలకు అప్పగించిన విద్య అది. నూట ఎనభై ఏళ్లు నిలిచింది. మనం ఇక్కడ అన్నీ ఉండి ఎంత నిలుపుకున్నామో మన ఇంటికే తెలుసు. అలాగే ఎవర్నీ కులం అడగకు. ఆ ఓడల్లో అందరూ పక్కపక్కనే పడుకుని పోయారు, ఒకే నీళ్లు తాగారు. ఆ ప్రయాణంలో కలిసినవాళ్లను జహాజీ భాయి, జహాజీ బహెన్ అని పిలుచుకుని సొంత తోబుట్టువులకన్నా ఎక్కువగా చూసుకున్నారు. మీ తాతలది ఏ ఊరని మాత్రం ప్రేమగా అడుగు. చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పేటప్పుడు ఆ ఊరి పేరును ఎంత భద్రంగా పలుకుతారో విను.

మద్రాసు నుంచి పోయినవాళ్ల కాళీమాత పూజలు అక్కడక్కడా జరుగుతుంటాయి. ఎవరైనా తీసుకుపోతామంటేనే పో. వేపాకు, పసుపునీళ్లు, నెత్తిన కలశం, దేవత పూనడం, అన్నింటికీ మించి డప్పు. దాన్ని అక్కడ తప్పు అంటారు. ఆషాఢంలో మన పోచమ్మ గుడి ముందు నిలబడ్డట్టే ఉంటుంది నీకు. ఒకప్పుడు ఈ పూజను తోటి హిందువులే తక్కువగా చూశారు, అందుకే కొత్తవాళ్ల ముందు వాళ్లు కాస్త బిగుసుకుంటారు. వెనక వరసలో కూర్చో. ప్రసాదం పెడితే రెండు చేతులా తీసుకో.

తిండికి చింత లేదు. పొద్దున్నే రోడ్డు పక్కన డబుల్స్ అమ్ముతారు. బారా అనే రెండు మెత్తటి రొట్టెల మధ్య శనగల కూర, పైన చింతపండు పులుసు, దోసకాయ తురుము, మిరప పచ్చడి. నిలబడే తినాలి, కాగితంలోనే. మనం కారం తింటామన్న ధైర్యంతో ఎక్కువ వేయమనకు, స్కాచ్ బానెట్ మిరప మన గుంటూరు మిరపకన్నా చాలా ఘాటు. కొంచెమే వేయమని చెప్పు. దాల్‌పూరీ రోటీ కూడా తిను, పప్పు పొడి లోపల పెట్టి ఒత్తిన పల్చటి రొట్టె, తీపి లేని మన బొబ్బట్టు అనుకో.

లా బ్రేయాలోని తారు చెరువుకు ఒక పూట చాలు. 100 ఎకరాల దాకా ఉంటుంది. నేల లోతుల నుంచి ఊరిన నూనెలో తేలికైన భాగం ఆవిరైపోయి, మిగిలిన తారు మట్టితో కలిసి పైకి వచ్చింది. 1595లో వాల్టర్ రాలీ తన ఓడల చిల్లులు దీనితోనే పూడ్చాడు. ఆ తారు తర్వాత ఎన్నో దేశాల రోడ్ల కిందికి పోయింది. పైకి ఎండిన చెరువులా గట్టిగా కనిపిస్తుంది కానీ కొన్నిచోట్ల మెత్తగా దిగబడుతుంది. గైడు లేకుండా అడుగు పెట్టొద్దు, అతని వెనకే నడువు. పొద్దున్నే పో, ఎండెక్కితే కాళ్లు కాలిపోతాయి.

నువ్వు వెళ్లేది మే నెల కాబట్టి తాబేళ్ల కాలం. మార్చి నుంచి ఆగస్టు దాకా మటూరా, గ్రాండ్ రివియేర్ తీరాలకు లెదర్‌బ్యాక్ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. మనిషికన్నా ఎన్నో రెట్లు బరువుండే జీవి ఒడ్డు మీదికి ఈడ్చుకుంటూ వచ్చి, వెనక కాళ్లతో గుంట తీసి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్లీ సముద్రంలోకి పోతుంది. అనుమతి కాగితం, గైడు రెండూ కావాలి, ముందే మాట్లాడుకో. ఫ్లాష్ వద్దు, టార్చి వద్దు. ఒకప్పుడు మాంసం కోసం వాటిని నరికిన ఊళ్లవాళ్లే ఇప్పుడు రాత్రంతా కాపలా కాస్తున్నారు. వాళ్లకిచ్చే డబ్బు దగ్గర బేరం చేయొద్దు.

మరాకాస్ బీచి అందమైనదే. అయితే అలల కింద లాగుడు ఉంటుంది. లైఫ్‌గార్డులు జెండాలు పాతిన మధ్యలోనే దిగండి, అల్లుడికి ఈత వచ్చన్న ధీమా వద్దు. పక్క దీవి టొబాగోకు సమయం చాలకపోతే వదిలేయ్. పోతే మాత్రం రెండు రాత్రులైనా ఉండు. పగడాల మీద కాలు మోపకు, అవి ప్రాణమున్నవి. అక్కడి మెయిన్ రిడ్జ్ అడవిని 1776లోనే చట్టం చేసి కాపాడారు, కొండ మీద చెట్లు పోతే వాన పోతుందని అప్పుడే గ్రహించి. మన చుట్టుపక్కల వెంచర్లకు చదును చేసిన గుట్టల్ని చూసినప్పుడల్లా నాకు ఆ అడవి గుర్తొస్తుంది.

అల్లుడికి క్రికెట్ పిచ్చి కదా, క్వీన్స్ పార్క్ ఓవల్ చూపించు. 1971 మార్చిలో వెస్టిండీస్‌పై టెస్టుల్లో మనం మొట్టమొదట గెలిచింది ఆ మైదానంలోనే. గావస్కర్‌కు అదే తొలి టెస్టు. గెలిచే క్షణాన అతనితో క్రీజులో నిలిచినవాడు మన హైదరాబాద్ అబిద్ అలీ, ఆ మ్యాచ్‌లో వికెట్ల వెనక ఉన్న కృష్ణమూర్తీ మనవాడే. నాకు ఆ స్కోర్లు రేడియోలో విన్న యాది ఇంకా ఉంది. సాయంత్రం ఎక్కడైనా స్టీల్ పాన్ సాధన జరుగుతుంటే అటే పోండి. నూనె పీపాల అడుగుల్ని సుత్తితో కొట్టి స్వరాలు పలికించడం ఆ దీవి పేదవాడలు కనిపెట్టిన విద్య.

ఇక బయల్దేరేముందు పనులు. మిలిటరీ దుస్తుల అచ్చు ఉన్న ప్యాంటు, టోపీ, సంచి ఏదీ పెట్టెలో ఉండకూడదు, అక్కడ మామూలు జనం వేసుకోవడం నేరం. చీకటి పడ్డాక తెలియని వీధుల్లో తిరగొద్దు, బస చేసినవాళ్లు పిలిపించిన కారే ఎక్కండి. అక్కడి నుంచి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కాగితం ఉందా అని మన విమానాశ్రయంలో చూస్తారు, లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ కాగితం చెల్లదు. టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. వేసే రోజులూ వేళలూ ఫోన్ చేసి కనుక్కుని, పాస్‌పోర్టులు పట్టుకుని ఇద్దరూ ఈ వారమే పోయి రండి.

మీ పెద్దనాన్న