నేరేడు నీడన పిల్లవాడు

కఠోర తపస్సుతో పొట్ట వెన్నుకు అంటుకుపోయింది. జ్ఞానం మాత్రం కలగలేదు. అప్పుడు సిద్ధార్థునికి బాల్యం గుర్తుకొచ్చిందని మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తం చెబుతుంది. తండ్రి పనిలో ఉండగా నేరేడు చెట్టు నీడన కూర్చున్న పిల్లవాడు ఎవరూ నేర్పకుండానే మొదటి ధ్యానాన్ని అందుకున్నాడు. కోరికతో, పాపంతో పనిలేని ఆ సుఖానికి తానెందుకు భయపడాలని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఆ తర్వాతే అన్నం ముట్టాడు.

మరి బ్రహ్మజాల సుత్తంలో సమణుడు దూరంగా ఉండవలసిన ఆటల జాబితా ఉంది కదా? ఉంది. పాచికలు, బంతి, చివరకు బొమ్మ నాగలి కూడా! అయితే అది భిక్షువుల శీలం. గృహస్థుల పంచశీలలో ఆటపై నిషేధం లేదు. పైగా ఆ సుత్తం కూడా జూదాన్నీ, ఏమరుపాటునూ కలిపే చెబుతుంది.

అసలు చిక్కు మరొకటి. ‘మీలోని పసివాణ్ణి కాపాడుకోండి’ అంటారు. ఆ పసివాణ్ణి ఊరు బతకనిచ్చిందా? బాల అంబేడ్కర్ బడికి గోనెపట్టా మోసుకెళ్లి, దానిమీదే విడిగా కూర్చునేవారు. మన తాతల్లో ఎందరో గోలీలాడే వయసులో దొరల పశువులు కాశారు. వెనక్కి వెళ్లడానికి బాల్యమే లేనివాళ్లకు ఆట అంటే ఇంకా వసూలు కాని బాకీ. బాబాసాహెబ్ పెద్దవయసులో వయొలిన్ పట్టుకోవడాన్ని కాలక్షేపమని కొట్టిపారేయడం నాకు ఒప్పదు. ఆయన తన బాకీ కొంత రాబట్టుకున్నారనే నా నమ్మకం.

మన విహారాల్లో వందనం అయ్యాక ఉపన్యాసం గంట దాటుతుంది. బయట పిల్లలు అరిస్తే కసురుతాం. ఒకరిద్దరు పెద్దలైనా లేచి వెళ్లి వాళ్లతో తొక్కుడుబిళ్ల ఆడితే వక్త నొచ్చుకుంటాడేమో, నొచ్చుకోనివ్వండి.