‘మనవాడు’ అన్న మాట

1984-85లో తొలి మూడు టెస్టుల్లోనూ అజహరుద్దీన్ శతకాలు కొట్టినప్పుడు విజయవాడలో మేమూ మురిసిపోయాం. హైదరాబాదీ, పైగా మనవాడు!

2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై బోర్డు ఆయనకు జీవితకాల నిషేధం విధించింది. ఏ నివేదికా చదవకుండానే కుట్ర అన్నాం. అప్పుడే అదే శిక్ష పడిన అజయ్ శర్మ పేరైనా ఎత్తలేదు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అజహర్‌పై నిషేధం చెల్లదంది. ఆ తీర్పూ చదవకుండానే “చూశారా!” అన్నాం.

తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే, న్యాయంగా సాక్ష్యం పలకమని అల్లాహ్ ఆజ్ఞ. ఇంట్లో జూదం హరామ్ అని పిల్లలకు నేర్పేదీ మేమే. “అబ్బా, ఆయన ముస్లిం కాకపోయుంటే ఏమనేవారు?” అని మా అబ్బాయి అడిగాడు. ఏమనేవాళ్లమో మాకు తెలుసు.