పరీక్షయు జిజ్ఞాసయు

తైత్తిరీయోపనిషత్తునందు భృగుడు తండ్రియగు వరుణుని సమీపించి బ్రహ్మమును బోధింపుమని కోరును. వరుణుడు బ్రహ్మలక్షణమును తెలిపి, తపస్సుచే దానిని తెలిసికొమ్మని పంపును. కుమారుడు తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని గ్రహించి మరలివచ్చును. తండ్రి దానిని తప్పని త్రోసివేయడు. అంతటితో చాలుననియు చెప్పడు. మరల తపస్సు చేయుమనును. ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లను దాటి భృగుడు తుదకు ఆనందమును చేరును. అసంపూర్ణమైన ప్రతి సమాధానమును అతనికి తరువాతి అన్వేషణకు ద్వారమయ్యెను.

నేటి మన విద్య వేరొక మూసలో పెరిగినది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండన్ విశ్వవిద్యాలయపు మాదిరిపై వెలసినవి. తొలినాళ్ళలో అవి పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థలు మాత్రమే. బోధనకు పరీక్ష లోబడవలసియుండగా, పరీక్షకే బోధన లోబడినదని 1902 నాటి విశ్వవిద్యాలయ కమిషన్ గుర్తించెను. 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ సంస్కరణలన్నింటిలో పరీక్షా సంస్కరణకే ప్రథమస్థాన మిచ్చెను.

అట్లని పరీక్షను నిందించుట న్యాయము కాదు. 2024లో వైద్యవిద్యా ప్రవేశమునకై దేశమంతట 23 లక్షలకు పైగా విద్యార్థులు ఒకే పరీక్షకు కూర్చుండిరి. సీట్లు కొన్నియే. అందరికిని సమానమగు కొలత లేనిచో సిఫారసును ధనమును ఆ స్థానము నాక్రమించును. శిక్షణకు ధనము వెచ్చింపగలవారికి ఈ కొలతలోను మేలున్నది. అయినను పేదబిడ్డకు అది కొంత రక్షయే.

దోషము, కొలతనే గమ్యముగా తలచుటలో నున్నది. నాలుగు సమాధానములలో నొకదానిని గుర్తించుటయే నేర్చిన బాలుడు స్వయముగా ప్రశ్నించుట మరచును. శ్రీనివాస రామానుజన్ కుంభకోణము కళాశాలలో గణితమునందే మునిగి, తక్కిన విషయములలో తప్పి, ఉపకారవేతనమును కోల్పోయెను. 1918లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. పరీక్ష అబద్ధమాడలేదు, అది అడిగినది వేరు, ఆయనలో నున్నది వేరు.

మార్కులను చూచి తన బ్రదుకునకే విలువ లేదని తలచి ప్రాణము విడుచు యువకులున్న దేశములో ఇది కేవలము బోధనాపద్ధతికి సంబంధించిన చర్చ కాదు. మానవునిలో అదివరకే యున్న పూర్ణత్వము వ్యక్తమగుటయే విద్యయని స్వామి వివేకానందుడు బోధించెను. ఆ పూర్ణత్వమును ఏ మార్కుల పట్టికయు కొలువజాలదు.

కంఠపాఠము కంటె అవగాహనను, విమర్శనాశక్తిని పరీక్షింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. ప్రశ్నపత్రమును ప్రభుత్వము మార్చవచ్చును. తక్కిన కార్యము బడికిని ఇంటికిని చెందును. మార్కులతో పనిలేని బాలుర ప్రశ్నలకై ఉపాధ్యాయుడు ప్రతిదినము కొంత సమయము కేటాయింపవలెను. ఫలితములు వెలువడిన దినమున తప్పిన బిడ్డను తల్లిదండ్రులు ఎప్పటివలె భోజనమునకు పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. మరల యత్నించు ధైర్యము వానికి అచ్చటనే లభించును.