సముద్రం పాలు

ప్రతి ఆగస్టులోనూ టీవీ తెర కింద ఒక వాక్యం పరిగెడుతుంది: ఇన్ని లక్షల క్యూసెక్కులు వృథాగా సముద్రం పాలు. కోనసీమ లంకలో అరటితోట వేసిన మా తాతయ్య ఆ మాట వినపడగానే విసుక్కునేవాడు. "దానింటికది ఎల్తంటే వృథా ఏంట్రా?" అనేవాడు. అప్పుడు నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ "వృథా" దగ్గరే ఆగిపోతున్నాను. వృథా అంటే ఎవరికి?

వరద రోజుల్లో గోదావరి ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపంతా ఒండ్రు. ఆ ఒండ్రు రేణువులకు అంటుకుని కంటికి కనపడని సరుకు ఒకటి ప్రయాణిస్తుంది: కుళ్లిన ఆకులు, వేర్లు, పొలాల పైమట్టి. శాస్త్రవేత్తలు దాన్ని సేంద్రియ కార్బన్ అంటారు. ఏదో ఒక చెట్టు గాలిలోంచి లాక్కున్న బొగ్గుపులుసు వాయువే అలా ఆకై, మన్నై, నదిలో పడుతుంది. ప్రపంచంలోని నదులన్నీ కలిసి ఏటా సుమారు 20 కోట్ల టన్నుల కార్బన్‌ను ఇలా రేణువుల రూపంలో సముద్రానికి చేరుస్తాయి. దారిలో సూక్ష్మజీవులు తినేసినంత మళ్లీ గాలిలోకి పోతుంది. మిగిలినదాని మీద మట్టి త్వరగా కప్పుకుంటే, వేల, లక్షల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. గంగా బ్రహ్మపుత్రలు బంగాళాఖాతం అడుగున వేసిన మేట మీద 2007లో ఒక పరిశోధన వచ్చింది. అవి తెచ్చిన సేంద్రియ కార్బన్‌లో చాలా భాగం అక్కడ భద్రంగా ఉంటోందని అది తేల్చింది. మనం వృథా అంటున్నది, భూమి తన ఒంటి వేడిని అదుపులో పెట్టుకునే పద్ధతుల్లో ఒకటి.

ఇక్కడ ఆనకట్ట అడ్డం వస్తుంది. నీళ్లు నిలబడితే ఒండ్రు కిందికి దిగుతుంది. 1970లతో పోలిస్తే ఈ శతాబ్దం మొదటికే గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు దాదాపు మూడో వంతుకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా కష్టం. ఆగిన మట్టిలో కార్బన్ కొంత జలాశయం అడుగునే పూడిపోతుంది. కొంత ఆక్సిజన్ అందని బురదలో మీథేన్ అవుతుంది. మొదటి ఇరవై ఏళ్ల లెక్కలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లు వేడి పుట్టిస్తుంది. లాభమెంత, నష్టమెంత అన్నది ఒక్కో జలాశయానికి ఒక్కోలా తేలుతుంది. కాబట్టి "ఆనకట్ట పాపం" అని ఒక్క ముక్కలో తీర్పు చెప్పడం కుదరదు.

చెప్పే అర్హత నాకు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. హైదరాబాదులో నా గ్లాసులో నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వచ్చినవి. 1830లలో కరువులు మనుషుల్ని తినేశాకే, 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచింది. కాటన్ దొర విగ్రహానికి డెల్టా రైతు దండ వేస్తే అందులో అతిశయం ఏమీ లేదు. ఆకలితో ఉన్నవాడి ముందు బంగాళాఖాతం అడుగు గురించి మాట్లాడటం సిగ్గులేనితనం.

కానీ ఆకలి తీరాక కూడా అదే మాట వాడుతున్నాం. పైగా అట్టిపెట్టుకున్నది మనకైనా దక్కిందా? నాగార్జునసాగర్‌లో మొదట 408 టీఎంసీలు పట్టేవి. పూడిక పేరుకుని ఇప్పుడు 312కి వచ్చింది. సముద్రానికి పోనివ్వని మట్టే మన నీళ్ల చోటు ఆక్రమించింది. అటు తీరంలో ఉప్పాడ ఇళ్లు అలలకు కూలుతున్నాయి. అందుకు కారణాలు చాలా ఉన్నా, ఒండ్రు అందని తీరానికి కోతను తట్టుకునే బలం తగ్గుతుందన్నది నిజం.

వాతావరణం ఈ లెక్కను ఇంకా తికమక చేస్తోంది. నది ఏడాది పొడవునా మోసే ఒండ్రులో పెద్దభాగం కొద్ది వరద రోజుల్లోనే కదులుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వేడెక్కిన గాలి ఇలాంటి కుంభవృష్టుల్ని పెంచుతుంది. అప్పుడు కొట్టుకుపోయేది అడవి ఆకు మాత్రమే కాదు, ఎగువన ఎవరో రైతు పొలంలోని పైమట్టి కూడా. అంటే సముద్రానికి చేరిందల్లా కానుక కాదు. కొంత దోపిడీ సొమ్ము. గోదావరి ముఖద్వారం ఎదుట సముద్రగర్భం నుంచి తీసిన మట్టి పొరల్లోనూ ఇది రాసి ఉంది: గత కొన్ని వేల ఏళ్లలో వానలు తగ్గి, సేద్యం పెరిగాక కోత బాగా ఎక్కువైంది. మన వ్యవసాయ చరిత్ర అక్కడ కూడా దాచి ఉంది.

మరి ఏం చేయాలి? నీళ్లు వాడుకోవద్దని నేను అనను. తీసుకోవడం వేరు, తీసుకున్నది పూర్తిగా నాదే అనుకోవడం వేరు. అప్పు అని ఒప్పుకున్నవాడు తీర్చే దారి వెతుకుతాడు. వరద వేళల్లో ఒండ్రుతో సహా నీళ్లు వదిలేలా గేట్లు నడపడం, ఎగువన పైమట్టి కాపాడటం, వేసవిలోనూ నదికి కొంత పారుదల మిగల్చడం అలాంటి దారులే. "వృథా" అనేవాడికి అసలు అప్పే కనపడదు.

తెలుగులో "పాలు" అంటే వాటా అని కూడా అర్థం. వాటాదారుని పాలివాడు అంటాం. మరి "సముద్రం పాలు" అన్నప్పుడు పోగొట్టుకున్నామనే ఎందుకు వినపడుతోంది? ఆగస్టులో ఆ వాక్యం మళ్లీ పరిగెడుతుంది. ఈసారి దాన్ని తాతయ్య చెవితో వినాలని ఉంది: ఇన్ని లక్షల క్యూసెక్కులు సముద్రం వాటా.